కాంపొనెంట్ తెర మీంచి పోయినా దాని పనులు ఎందుకు ఆగవు?

సారాంశం: కాంపొనెంట్ అంటే తెర మీది ఒక భాగాన్ని కట్టే కోడ్ ముక్క. దాని పుట్టుక, మార్పు, తొలగింపు అనే మూడు ఘట్టాలను రియాక్ట్, వ్యూ లాంటి ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుంది. ఆ కాంపొనెంట్ బయట మొదలుపెట్టిన టైమర్లు, లిజనర్లు (క్లిక్, స్క్రోల్ లాంటి ఈవెంట్లను వినే ఫంక్షన్లు), కనెక్షన్ల జోలికి మాత్రం అది వెళ్లదు. వాటిని ఆపే బాధ్యత రాసినవాళ్లదే. రియాక్ట్ 18 తర్వాత చాలామందిని తికమక పెడుతున్న ‘రెండుసార్లు నడవడం’ అనే ప్రవర్తన ఈ బాధ్యత నెరవేరిందో లేదో చూసే పరీక్ష. ఆ పరీక్ష ఏం పట్టుకుంటుంది, ఏం పట్టుకోలేదు, మిగతా ఫ్రేమ్‌వర్క్‌లలో ఇదే పని ఎలా జరుగుతుంది అన్నదే ఈ వ్యాస విషయం.

కన్సోల్‌లో రెండుసార్లు

పాత ప్రాజెక్టును రియాక్ట్ 18కి మార్చగానే కనిపించే దృశ్యం దాదాపు అందరిదీ ఒకటే. పేజీ తెరిస్తే నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్తుంది. కన్సోల్‌లో ‘కనెక్ట్ అయింది’ అనే వాక్యం రెండుసార్లు పడుతుంది. వెతికితే చాలాచోట్ల దొరికే సలహా, తప్పులు వెతకడానికి రియాక్ట్ ఇచ్చే స్ట్రిక్ట్‌మోడ్ ట్యాగ్ తీసేయమని. తీసేస్తే రెండోది మాయమవుతుంది. సమస్య మాత్రం అలాగే ఉండిపోతుంది, కంటికి కనిపించకుండా.

2022 మార్చిలో వచ్చిన రియాక్ట్ 18లో, స్ట్రిక్ట్‌మోడ్ ఉన్నప్పుడు, డెవలప్‌మెంట్ బిల్డ్‌లో మాత్రమే, కొత్తగా మౌంట్ అయిన (తెర మీదికి వచ్చిన) ప్రతి కాంపొనెంట్‌కూ మూడు అడుగులు వరుసగా పడతాయి. ముందు ఎఫెక్టులు, అంటే కాంపొనెంట్ బయటి ప్రపంచంతో చేసే పనులు, నడుస్తాయి. వెంటనే వాటిని ఆపే క్లీనప్‌లు నడుస్తాయి. మళ్లీ అవే ఎఫెక్టులు, అదే స్టేట్‌తో (కాంపొనెంట్ గుర్తుంచుకునే విలువలతో), ఇంకోసారి నడుస్తాయి. ప్రొడక్షన్ బిల్డ్‌లో ఇదేమీ జరగదు.

దీని వెనక తర్కం సూటిగా ఉంటుంది. వినియోగదారు ఒక పేజీకి వచ్చి, వేరే పేజీకి వెళ్లి, తిరిగి వస్తే జరిగేది కూడా మౌంట్, అన్‌మౌంట్, మౌంట్. క్లీనప్ సరిగ్గా రాసి ఉంటే ఒకసారి మౌంట్ అయినదానికీ, ఈ మూడు అడుగులు పడినదానికీ తెర మీద తేడా ఉండకూడదు. తేడా కనిపించిందంటే క్లీనప్ లోపించినట్టే. ఉదాహరణకు చాట్ పేజీలో ప్రతి సందేశం రెండుసార్లు కనిపిస్తే, మొదటి సాకెట్‌ను (సర్వర్‌తో తెరిచిన కనెక్షన్‌ను) ఎవరూ మూయలేదని అర్థం. స్ట్రిక్ట్‌మోడ్ లేకపోతే ఆ తప్పు బయటపడేది వినియోగదారు పది పేజీలు తిరిగాకే.

రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్లడం ఒక్కటే అయితే, అది చదివే రిక్వెస్ట్ అయితే, కంగారు అక్కర్లేదు. ఆర్డర్ పెట్టడం, డబ్బు చెల్లించడం లాంటి రాసే రిక్వెస్ట్ ఎఫెక్టులో ఉంటే మాత్రం అసలు తప్పు దాన్ని అక్కడ పెట్టడమే. బటన్ నొక్కినందువల్ల జరగాల్సిన పని బటన్ హ్యాండ్లర్‌లోనే ఉండాలి. కాంపొనెంట్ తెర మీదికి వచ్చినందువల్ల జరగాల్సిన పనికే ఎఫెక్టు.

ఘట్టాల నుంచి జతల వైపు

2013లో రియాక్ట్ ఓపెన్ సోర్స్‌గా వచ్చినప్పటి నుంచి క్లాస్ కాంపొనెంట్లలో లైఫ్‌సైకిల్ అంటే మెథడ్ల పేర్లు. మౌంట్ అయ్యాక కాంపొనెంట్‌డిడ్‌మౌంట్, ప్రాప్స్ (బయటి నుంచి అందే విలువలు) లేదా స్టేట్ మారాక కాంపొనెంట్‌డిడ్‌అప్‌డేట్, పోయే ముందు కాంపొనెంట్‌విల్‌అన్‌మౌంట్. చదవడానికి తేలిగ్గానే ఉంటుంది. ఇబ్బంది వాడకంలో వస్తుంది. ఒకే పనికి చెందిన కోడ్ మూడు చోట్లకు చీలిపోతుంది, సంబంధం లేని పనులు ఒకే మెథడ్‌లో పోగవుతాయి. చాట్ కనెక్షన్ తెరిచే లైను, స్క్రోల్ లిజనర్ పెట్టే లైను, టైమర్ మొదలుపెట్టే లైను ఒకచోట. వాటిని ఆపే మూడు లైన్లు వంద లైన్ల కింద ఇంకోచోట. అందులో ఒకటి రాయడం మరిచిపోతే కంటికి ఆనే సూచన ఏదీ ఉండదు.

అంతకంటే ఎక్కువగా జరిగిన తప్పు మధ్య ఘట్టాన్ని వదిలేయడం. చాట్ గది నంబరు ప్రాప్‌గా వస్తుందనుకుందాం. మౌంట్ అయినప్పుడు 4వ గదికి కనెక్షన్ తెరుచుకుంది. వినియోగదారు 7వ గది ఎంచుకున్నాడు. కాంపొనెంట్ పోలేదు, ప్రాప్ మాత్రమే మారింది. కాబట్టి అన్‌మౌంట్ నడవలేదు, మౌంట్ నడవలేదు. అప్‌డేట్ మెథడ్ రాయకపోతే పైన శీర్షిక 7 అని చూపిస్తుంది, కింద సందేశాలు 4 నుంచే వస్తుంటాయి. టెస్టింగ్‌లో ఒకే గది తెరిచి చూసినవాళ్లకు ఇది దొరకదు.

2018 మార్చిలో రియాక్ట్ 16.3, రాబోయే ఎసింక్ రెండరింగ్‌ను (తెరను ఆగి ఆగి కట్టే పద్ధతిని) దృష్టిలో పెట్టుకుని, విల్‌మౌంట్, విల్‌రిసీవ్‌ప్రాప్స్, విల్‌అప్‌డేట్ అనే మూడు పాత మెథడ్లను క్రమంగా పక్కన పెట్టే బాట పట్టింది. వాటికి ‘అన్‌సేఫ్’ అనే ముందుమాట తగిలించింది. రెండర్ మధ్యలో ఆగి మళ్లీ మొదలయ్యే పద్ధతిలో ఈ మూడూ ఒకే మార్పుకు ఒకటికంటే ఎక్కువసార్లు నడవవచ్చు. వాటిలో సబ్‌స్క్రిప్షన్ తెరిస్తే, మూసే మెథడ్ ఎప్పటికీ రాకపోవచ్చు కూడా.

2019 ఫిబ్రవరిలో 16.8తో వచ్చిన హుక్స్ (ఫంక్షన్ కాంపొనెంట్లలో వాడే యూజ్‌ఎఫెక్ట్ లాంటి ఫంక్షన్లు) ప్రశ్ననే మార్చాయి. ‘ఏ ఘట్టంలో ఏం చేయాలి’ అనే చోట ‘ఏ విలువలకు అనుగుణంగా బయటి ప్రపంచాన్ని ఉంచాలి’ అనే ప్రశ్న వచ్చింది. యూజ్‌ఎఫెక్ట్‌లో మొదలుపెట్టే కోడ్, దాన్ని ఆపే కోడ్ ఒకే ఫంక్షన్‌లో జతగా ఉంటాయి. లోపలి ఫంక్షన్ పని మొదలుపెడుతుంది, తిరిగి ఇచ్చే ఫంక్షన్ ఆపుతుంది. ఎఫెక్టు ఆధారపడే విలువల జాబితాలో, అంటే డిపెండెన్సీ జాబితాలో, గది నంబరు ఉంటే, 4 నుంచి 7కి మారినప్పుడు ముందు పాత క్లీనప్ పాత విలువ 4తో నడుస్తుంది, తర్వాత కొత్త ఎఫెక్టు 7తో నడుస్తుంది. చివరికి కాంపొనెంట్ పోయినప్పుడు 7 క్లీనప్ నడుస్తుంది. అప్‌డేట్ అనే వేరే ఘట్టాన్ని గుర్తుంచుకోవాల్సిన పనే లేదు. అందుకే యూజ్‌ఎఫెక్ట్‌ను ‘మూడు మెథడ్ల కలయిక’గా నేర్పడం మేలు కంటే కీడే ఎక్కువ చేసింది. అలా నేర్చుకున్నవాళ్లు ఖాళీ జాబితాను ‘మౌంట్ అప్పుడు మాత్రమే’ అనే ఆదేశంగా చదువుతారు. ఆ జాబితా చెప్పేది వేరు: ఈ ఎఫెక్టు మారే విలువ దేన్నీ వాడదు, అంతే.

ఖాళీ జాబితా అబద్ధమైతే

మారే విలువను వాడుతూ ఖాళీ జాబితా ఇచ్చి అబద్ధం చెప్తే ఏమవుతుందో ఒక చిన్న కౌంటర్ చూపిస్తుంది. స్టేట్‌లో లెక్క 0. ఖాళీ జాబితా ఉన్న ఎఫెక్టులో ప్రతి సెకనుకూ ‘లెక్క కూడిక 1’ అని సెట్ చేసే టైమర్. తెర మీద 1 కనిపించి అక్కడే నిలిచిపోతుంది. టైమర్ ఆగలేదు, ప్రతి సెకనూ నడుస్తూనే ఉంది. కాకపోతే ఆ ఫంక్షన్ పుట్టినప్పటి లెక్క 0నే అది ఎప్పటికీ చూస్తుంది. 0 కూడిక 1, మళ్లీ 0 కూడిక 1. జాబితాలో లెక్కను చేరిస్తే అంకె కదులుతుంది, కానీ ప్రతి సెకనూ టైమర్‌ను చంపి కొత్తది పెట్టాల్సి వస్తుంది. సెట్ చేసే ఫంక్షన్‌కు విలువకు బదులు ‘పాత విలువ ఇస్తే కొత్త విలువ చెప్పే’ ఫంక్షన్‌ను పంపితే ఎఫెక్టుకు లెక్క అవసరమే ఉండదు. అప్పుడు ఖాళీ జాబితా నిజమవుతుంది.

దీనికి వ్యతిరేకపు తప్పు కూడా అంతే తరచు. జాబితాలోని విలువలను రియాక్ట్ ఆబ్జెక్ట్.ఈజ్ పద్ధతిలో పోలుస్తుంది. రెండర్ లోపలే రాసిన ఆబ్జెక్టు లేదా ఫంక్షన్ ప్రతి రెండర్‌కూ కొత్తదే, లోపల సరుకు అదే అయినా. దాన్ని జాబితాలో పెడితే ప్రతి రెండర్‌కూ సాకెట్ మూసి తెరవడం జరుగుతుంది. ఆబ్జెక్టు తయారీని ఎఫెక్టు లోపలికి జరిపి, జాబితాలో గది నంబరు లాంటి సాదా విలువలే ఉంచితే సరిపోతుంది.

కొన్నిసార్లు ఎఫెక్టుకు తాజా విలువ కావాలి, కానీ ఆ విలువ మారినందుకు ఎఫెక్టు మళ్లీ నడవకూడదు. గదికి కనెక్ట్ అయినప్పుడు ప్రస్తుత థీమ్ రంగులో నోటిఫికేషన్ చూపించాలి. థీమ్ మార్చినందుకు కనెక్షన్ తెగిపోకూడదు. ఈ ముడి చాలాకాలం రెఫ్‌లతో (లోపలి విలువ మారినా మళ్లీ రెండర్ చేయించని పెట్టెలతో) విప్పుకున్నారు. 2025 అక్టోబరులో రియాక్ట్ 19.2తో వచ్చిన యూజ్‌ఎఫెక్ట్‌ఈవెంట్ దీనికి నేరుగా దారి ఇచ్చింది.

చెత్త సేకరణ ఎందుకు కాపాడదు

జావాస్క్రిప్ట్‌లో గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని తానే ఖాళీ చేసే యంత్రాంగం) ఉండగా మెమరీ లీక్ ఎలా వస్తుందన్న సందేహం సహజం. కలెక్టర్ చూసేది ఒక్కటే: ఎక్కడి నుంచైనా ఈ వస్తువును ఇంకా చేరుకోగలమా? విండోకు పెట్టిన స్క్రోల్ లిజనర్‌ను విండో పట్టుకుని ఉంటుంది. ఆ లిజనర్ ఫంక్షన్ తన క్లోజర్ (పుట్టినచోటి విలువలను ఫంక్షన్ తనతో ఉంచుకోవడం) ద్వారా కాంపొనెంట్ డేటాను పట్టుకుంటుంది. ఆ డేటాలో డామ్ నోడ్ (పేజీలోని ఒక ఎలిమెంట్) రిఫరెన్స్ ఉంటే, పేజీ నుంచి తీసేసిన ఆ నోడ్, దానితో పాటు దాని కొమ్మ మొత్తం మెమరీలోనే ఉండిపోతుంది. ఇల్లు ఖాళీ చేసి తాళం వేసినా లోపల కుళాయి తిప్పి వదిలేసినట్టు.

కాంపొనెంట్ సొంత నోడ్ మీద పెట్టిన లిజనర్‌కు ఈ భయం లేదు. నోడ్ పోతే అదీ పోతుంది. ప్రమాదం కాంపొనెంట్ కంటే ఎక్కువకాలం బతికే వాటి మీద పెట్టినప్పుడే: విండో, డాక్యుమెంట్, గ్లోబల్ స్టోర్, సెట్‌ఇంటర్వల్, వెబ్‌సాకెట్. ఇంటర్‌సెక్షన్, రీసైజ్ అబ్జర్వర్లను డిస్‌కనెక్ట్ చేయాలి. యానిమేషన్ ఫ్రేమ్‌ను క్యాన్సిల్ చేయాలి. ఫైల్ ప్రివ్యూ కోసం తయారుచేసిన బ్లాబ్ యూఆర్‌ఎల్‌ను రివోక్ చేయాలి. లేకపోతే ఆ ఫైల్ పేజీ ఉన్నంతసేపూ మెమరీలో ఉంటుంది. చార్ట్, మ్యాప్ లైబ్రరీలకు సాధారణంగా డిస్ట్రాయ్ లేదా రిమూవ్ అనే మెథడ్ ఉంటుంది, దాన్ని పిలవాలి.

క్లీనప్ రాసినా పనిచేయని సందర్భం ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లిజనర్‌ను తీసేయాలంటే పెట్టినప్పుడు ఇచ్చిన అదే ఫంక్షన్ రిఫరెన్స్ ఇవ్వాలి. పెట్టేటప్పుడు బైండ్ చేసిన ఫంక్షన్, తీసేటప్పుడు మళ్లీ బైండ్ చేసిన ఫంక్షన్ ఒకటి కావు, రెండూ వేర్వేరు. క్యాప్చర్ ఆప్షన్ ట్రూ అని పెట్టి, తీసేటప్పుడు దాన్ని మరిచినా అంతే. బ్రౌజర్ ఎర్రర్ చూపదు, లిజనర్ ఉండిపోతుంది. ఈ జంఝాటం లేకుండా అబార్ట్‌కంట్రోలర్ ఒకటి తయారుచేసి దాని సిగ్నల్‌ను అన్ని లిజనర్లకూ, ఫెచ్‌లకూ ఇస్తే, క్లీనప్‌లో ఒక్క అబార్ట్ పిలుపుతో అన్నీ ఆగుతాయి. ఐదారు లిజనర్లు ఉన్న కాంపొనెంట్లో ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

లీక్ అంటే మెమరీ ఒక్కటే కాదు. సర్వర్ నుంచి నిరంతరం ఈవెంట్లు తెచ్చే ఈవెంట్‌సోర్స్‌ను తీసుకోండి. హెచ్‌టీటీపీ 1.1 మీద బ్రౌజర్ ఒక డొమైన్‌కు ఒకేసారి 6 కనెక్షన్లే ఇస్తుంది, అదీ అన్ని ట్యాబ్‌లకూ కలిపి. మూయని ఈవెంట్‌సోర్స్ ప్రతి పేజీ సందర్శనకూ ఒకటి చొప్పున మిగిలితే, ఏడోసారికి ఆ డొమైన్‌కు వెళ్లాల్సిన ఏ రిక్వెస్టూ కదలదు. వినియోగదారుకు కనిపించేది ఆగకుండా తిరిగే లోడింగ్ చక్రం. సర్వర్ లాగ్‌లో ఎర్రర్ ఉండదు, రిక్వెస్ట్ అక్కడికి చేరనే లేదు కాబట్టి. హెచ్‌టీటీపీ 2లో ఈ పరిమితి సాధారణంగా 100 స్ట్రీములు, అందువల్ల తప్పు బయటపడటం ఆలస్యమవుతుంది.

ఆలస్యంగా వచ్చిన జవాబు

వెతుకుడు పెట్టెలో ‘రామ’ అని కొట్టి, వెంటనే ‘రామాయణం’ అని పూర్తిచేస్తే రెండు రిక్వెస్టులు వెళ్తాయి. అవి వెళ్లిన వరుసలోనే తిరిగి వస్తాయన్న హామీ లేదు. మొదటిది ఆలస్యమై రెండోదాని తర్వాత వస్తే, పెట్టెలో ‘రామాయణం’ ఉంటుంది, కింద ‘రామ’ ఫలితాలు ఉంటాయి. వేగమైన కనెక్షన్ ఉన్న ఆఫీసు కంప్యూటర్‌లో ఇది దాదాపు కనిపించదు. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ వేగాన్ని తగ్గించి చూస్తే త్వరగానే దొరుకుతుంది.

మందు క్లీనప్‌లోనే ఉంది. ఎఫెక్టు మొదట్లో ‘పట్టించుకోవద్దు’ అనే చరరాశిని ఫాల్స్‌గా పెట్టాలి. క్లీనప్‌లో ట్రూ చేయాలి. జవాబు వచ్చాక అది ట్రూ అయితే స్టేట్‌ను తాకకూడదు. ప్రతి ఎఫెక్టు పరుగుకూ తన సొంత చరరాశి ఉండటమే ఇక్కడ కీలకం. అబార్ట్‌కంట్రోలర్ వాడితే రిక్వెస్ట్ కూడా ఆగుతుంది. అప్పుడు వచ్చే అబార్ట్‌ఎర్రర్‌ను వైఫల్యంగా చూపకుండా వడకట్టాలి. లేకపోతే వినియోగదారు టైప్ చేస్తుండగానే ఎర్రని ఎర్రర్ పెట్టె మెరుస్తుంది.

‘అన్‌మౌంట్ అయిన కాంపొనెంట్ మీద స్టేట్ మార్చలేరు’ అనే పాత హెచ్చరిక చాలామందికి గుర్తుండే ఉంటుంది. రియాక్ట్ 18 దాన్ని తీసేసింది. ఆ హెచ్చరిక ఎక్కువగా వచ్చింది ఒకసారి జవాబిచ్చి ముగిసే ప్రామిస్‌ల విషయంలో. అక్కడ నిజమైన లీక్ లేదు. దాన్ని నోరు మూయించడానికి ‘మౌంట్ అయి ఉందా’ అనే రెఫ్ పెట్టడం అలవాటైంది. పైన చెప్పిన వరుస తప్పును ఆ రెఫ్ పట్టుకోలేదు కూడా, ఎందుకంటే గది మారినా, వెతికే పదం మారినా కాంపొనెంట్ మౌంట్ అయ్యే ఉంటుంది.

మిగతా ఫ్రేమ్‌వర్క్‌లు

2020 సెప్టెంబరులో వచ్చిన వ్యూ 3 డిస్ట్రాయ్డ్ అనే పేరును అన్‌మౌంటెడ్‌గా మార్చింది. కాంపొనెంట్‌ను సిద్ధం చేసే సెటప్ ఫంక్షన్ ఒక్కసారే నడుస్తుంది, డిపెండెన్సీలను ఫ్రేమ్‌వర్క్ తానే కనిపెడుతుంది. కాబట్టి పైన చెప్పిన కౌంటర్ తప్పు అక్కడ రాదు. దాని గుంట వేరేచోట ఉంది. ఆన్‌మౌంటెడ్, ఆన్‌అన్‌మౌంటెడ్ లాంటివి ప్రస్తుతం ఏ కాంపొనెంట్ సెటప్ నడుస్తోందో చూసి దానికి అతుక్కుంటాయి. సాధారణ సెటప్ ఫంక్షన్‌లో ఒక అవెయిట్ (జవాబు కోసం ఆగే చోటు) దాటాక ఆ సంబంధం తెగిపోతుంది. తర్వాత రాసిన క్లీనప్ నమోదు కాదు. స్క్రిప్ట్ సెటప్ రూపంలో రాస్తే కంపైలర్ ఆ సంబంధాన్ని తిరిగి కలుపుతుంది. కానీ సెట్‌టైమౌట్ లోపల పెట్టిన వాచర్‌ను (విలువ మార్పును గమనించే ఫంక్షన్‌ను) ఏ రూపంలోనైనా చేత్తోనే ఆపాలి. సర్వర్ రెండరింగ్ ఉంటే ఇంకో జాగ్రత్త: సెటప్ సర్వర్‌లోనూ నడుస్తుంది, అన్‌మౌంట్ హుక్ అక్కడ నడవదు. టైమర్‌ను సెటప్‌లో పెడితే ప్రతి రిక్వెస్ట్‌కూ సర్వర్‌లో ఒక టైమర్ మిగులుతుంది. దాన్ని ఆన్‌మౌంటెడ్ లోపలికి జరపాలి.

యాంగ్యులర్‌లో సింహభాగం సమస్యలు ఆర్ఎక్స్‌జేఎస్ (డేటా ప్రవాహాల లైబ్రరీ) సబ్‌స్క్రిప్షన్లవే. హెచ్‌టీటీపీక్లయింట్ జవాబు ఇచ్చి తానే ముగుస్తుంది, ఇంటర్వల్ లాంటివి ముగియవు. టెంప్లేట్‌లో ఎసింక్ పైప్ వాడితే సబ్‌స్క్రైబ్, అన్‌సబ్‌స్క్రైబ్ రెండూ అదే చూసుకుంటుంది. కోడ్‌లో చేయాల్సి వస్తే, 2023 మేలో యాంగ్యులర్ 16తో వచ్చిన టేక్‌అంటిల్‌డిస్ట్రాయ్డ్ పాత ఎన్‌జీఆన్‌డిస్ట్రాయ్ తతంగాన్ని ఒక్క లైనుకు తగ్గించింది. పైప్‌లో దాన్ని చివర ఉంచడం మంచిది. దాని తర్వాత, లోపల ఇంకో స్ట్రీమ్ తెరిచే స్విచ్‌మ్యాప్ లాంటిది ఉంటే లోపలి స్ట్రీమ్ తప్పించుకుపోతుంది.

స్వెల్ట్‌లో ఆన్‌మౌంట్‌కు ఇచ్చిన ఫంక్షన్ తిరిగి ఇచ్చేదే క్లీనప్. ఆ ఫంక్షన్‌ను ఎసింక్‌గా రాస్తే తిరిగి వచ్చేది ప్రామిస్, ఫంక్షన్ కాదు. క్లీనప్ ఎప్పటికీ నడవదు. యూజ్‌ఎఫెక్ట్‌కూ ఇదే నియమం, కాకపోతే రియాక్ట్ హెచ్చరిస్తుంది. రెండుచోట్లా విరుగుడు ఒకటే: ఎసింక్ ఫంక్షన్‌ను లోపల రాసి పిలవడం, క్లీనప్‌ను బయట నుంచి సూటిగా ఇవ్వడం.

ఫ్రేమ్‌వర్క్ లేని వెబ్ కాంపొనెంట్లలో కనెక్టెడ్‌కాల్‌బ్యాక్ ఒకసారే నడుస్తుందనుకోవడం పొరపాటు. ఎలిమెంట్‌ను జాబితాలో పైకో కిందికో జరిపినా డిస్‌కనెక్టెడ్, కనెక్టెడ్ రెండూ నడుస్తాయి. లోపలి ఐఫ్రేమ్ మళ్లీ లోడ్ అవుతుంది. 2025లో క్రోమ్ 133తో వచ్చిన మూవ్‌బిఫోర్, స్థితి చెదరకుండా జరపడానికే పుట్టింది.

పోకూడనిది పోవడం, పోవలసినది ఉండిపోవడం

అనుకోకుండా అన్‌మౌంట్ కావడం కూడా లైఫ్‌సైకిల్ తప్పే. ఇన్‌పుట్‌లో ఒక అక్షరం కొట్టగానే కర్సర్ ఎగిరిపోతే, ముందు చూడాల్సింది కాంపొనెంట్ లోపల ఇంకో కాంపొనెంట్‌ను నిర్వచించారా అన్నది. ప్రతి రెండర్‌కూ అది కొత్త ఫంక్షన్, రియాక్ట్ దృష్టిలో కొత్త రకం. పాతదాన్ని కూల్చి కొత్తది కడుతుంది. స్టేట్, ఫోకస్ రెండూ పోతాయి. నిర్వచనాన్ని బయటికి తీస్తే చాలు. ఇదే గుణాన్ని మేలుకూ వాడుకోవచ్చు: వేరే వినియోగదారు ప్రొఫైల్ తెరిచినప్పుడు ఫారమ్‌లోని పాత అక్షరాలు మిగలకూడదంటే, ఆ వినియోగదారు ఐడీని కీగా ఇస్తే మొత్తం కొత్తగా మౌంట్ అవుతుంది.

ట్యాబ్‌ల మధ్య తిరిగేటప్పుడు స్టేట్ పోకూడదంటే వ్యూలో కీప్‌అలైవ్ ఉంది. లోపలివి అన్‌మౌంట్ కావు, యాక్టివేటెడ్, డీయాక్టివేటెడ్ హుక్‌లు నడుస్తాయి. అంటే అన్‌మౌంట్‌లో ఆపిన టైమర్ ఇక్కడ ఆగదు, డీయాక్టివేటెడ్‌లో ఆపాలి. మ్యాక్స్ అనే పరిమితి ఇవ్వకపోతే దాచినవన్నీ మెమరీలో పెరుగుతూ పోతాయి. రియాక్ట్ 19.2లోని యాక్టివిటీ కాస్త భిన్నం. దాచినప్పుడు ఎఫెక్టుల క్లీనప్ నడుస్తుంది, స్టేట్, డామ్ నిలుస్తాయి. డామ్ నిలవడం వల్ల లోపలి వీడియో కంటికి కనిపించకుండా మోగుతూనే ఉంటుంది. లేఅవుట్ ఎఫెక్టు క్లీనప్‌లో దాన్ని పాజ్ చేయాలి.

లీక్‌ను పట్టుకునే పద్ధతి

క్రోమ్ డెవలపర్ టూల్స్ మెమరీ ట్యాబ్‌లో ముందు ఒక హీప్ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మెమరీలో ఉన్న వస్తువుల జాబితా) తీసుకోవాలి. అనుమానం ఉన్న పేజీకి వెళ్లి వెనక్కి రావడం సరిగ్గా 7 సార్లు చేయాలి. చెత్త సేకరణ బటన్ నొక్కి రెండో స్నాప్‌షాట్ తీసి, పోలిక వీక్షణలో చూడాలి. 7, 14, 21 లాంటి లెక్కల్లో పెరిగిన వస్తువులు లీక్‌కు చెందినవే అయ్యే అవకాశం ఎక్కువ. 10 లాంటి గుండ్రటి అంకె ఎంచుకుంటే యాదృచ్ఛిక పెరుగుదలతో కలిసిపోతుంది. వెతికే పెట్టెలో ‘డిటాచ్డ్’ అని ఆంగ్లంలో కొడితే పేజీలో లేకుండా మెమరీలో మిగిలిన నోడ్‌లు వస్తాయి. కింది రిటెయినర్ల భాగం వాటిని ఎవరు పట్టుకున్నారో చెప్తుంది. ఆ గొలుసులో మొదట కనిపించే సొంత కోడ్ ఫైల్ పేరు దగ్గరే సాధారణంగా మరిచిన క్లీనప్ ఉంటుంది. డెవలప్‌మెంట్ బిల్డ్‌లో ఫ్రేమ్‌వర్క్ సొంత టూల్స్ కూడా కొన్ని నోడ్‌లను పట్టుకుంటాయి, కాబట్టి ఈ కొలత ప్రొడక్షన్ బిల్డ్ మీద చేయడమే సరి.

ట్యాబ్ మూసినప్పుడు

ఒక అపోహ మిగిలింది. ట్యాబ్ మూస్తే క్లీనప్‌లు నడుస్తాయని చాలామంది డ్రాఫ్ట్ భద్రపరిచే కోడ్‌ను అన్‌మౌంట్‌లో పెడతారు. అది నడవదు. బ్రౌజర్ పేజీని అలాగే పారేస్తుంది, ఏ ఫ్రేమ్‌వర్క్‌కూ కబురు చేయదు. భద్రపరచాల్సినది విజిబిలిటీచేంజ్ ఈవెంట్‌లో, పేజీ దాగినప్పుడు, సెండ్‌బీకన్ లేదా కీప్‌అలైవ్ ఆప్షన్ (వ్యూ కీప్‌అలైవ్ కాదు) ఉన్న ఫెచ్‌తో పంపాలి. కీప్‌అలైవ్ ఫెచ్‌కు 64 కిలోబైట్ల పరిమితి ఉంది.

వెనక్కి బటన్‌తో వచ్చిన పేజీ విషయం దీనికి తిరగబడినది. బ్రౌజర్ ఆ పేజీని బ్యాక్‌ఫార్వర్డ్ క్యాష్‌లో స్తంభింపజేసి ఉంచితే, తిరిగి వచ్చినప్పుడు అది ఆగినచోటి నుంచే కదులుతుంది. ఏ కాంపొనెంట్ మౌంట్ కాదు, ఏ ఎఫెక్టూ మొదట్నుంచి నడవదు, తెర మీద గంట క్రితం నాటి డేటా ఉంటుంది. దాన్ని గుర్తించడానికి పేజ్‌షో ఈవెంట్‌లో పర్సిస్టెడ్ ట్రూ అయి ఉందో చూసి, అయి ఉంటే డేటాను మళ్లీ తెప్పించాలి.